వసంతవర్ణన : పెరటి సాక్ష్యం

మన సాహిత్యంలో ఆరు ఋతువులకూ ఆరు పీటలు వేసినా, వసంతానికి వేసిన పీట పెద్దది. ప్రబంధకవి దాన్ని రాజును చేశాడు. భావకవి ప్రేయసిని చేశాడు. విప్లవకవి రాబోయే సమాజానికి గుర్తుగా నిలిపాడు. ఇన్ని గౌరవాలు పొందిన ఈ వసంతం పల్లెటూరి ఇంటి పెరట్లోకి ఎప్పుడు వస్తుంది, ఏ గుర్తులతో వస్తుంది, వచ్చి ఎవరిచేత ఏ పని చేయిస్తుంది? ఈ మూడు ప్రశ్నలూ మన విమర్శ వేయవలసినంత గట్టిగా వేయలేదు. పెరడును సాక్షిగా నిలబెట్టి ఆ ప్రశ్నలు వేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రకృతివర్ణనకు వ్యతిరేకంగా రాస్తున్న వ్యాసం కాదిది. పువ్వు పేరెత్తితే చాలు పలాయనమని తీర్మానించే మిత్రులు మనలో కొందరున్నారు. వారితో నాకు పేచీ ఉన్నది. అది చివర చెబుతాను.

1

మొదట కాలం సంగతి తేల్చుకోవాలి. పంచాంగం చైత్ర వైశాఖాలను వసంతమంటుంది. అంటే ఇంచుమించు మార్చి మధ్యనుంచి మే మధ్యవరకు. ఆ రెండు నెలలూ తెలుగునేల ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో నిలబడి మలయమారుతాన్ని స్తుతించగల కవి ఇంకా పుట్టలేదు. ఆరు ఋతువుల చట్రం మనకు సంస్కృతంనుంచి వచ్చింది. చలి గట్టిగా పట్టి ఆలస్యంగా వదిలే ఉత్తరాది నేలలకు అది కొంతవరకు సరిపోవచ్చు. మన మెట్టలకూ మాగాణులకూ మాత్రం అది నెలా నెలన్నర ఆలస్యంగా నడిచే గడియారం.

ఇందుకు సాక్ష్యం మన వంటింట్లోనే ఉన్నది. చైత్రశుద్ధ పాడ్యమినాడు ఉగాది పచ్చడిలో మామిడికాయ ముక్కలు వేస్తాం. వసంతం మొదటిరోజుకే కాయ చేతికి వచ్చిందంటే పూత ఎప్పుడు వచ్చి ఉండాలి? పుష్యంలోనో మాఘంలోనో. కవి లెక్కలో మావి ఇంకా పూయవలసిన రోజున, ఇంట్లో అవ్వ దాని కాయను తరిగి బెల్లంతో కలుపుతున్నది. పొద్దున ఆ పచ్చడి తిని, సాయంత్రం కవిసమ్మేళనంలో మావిపూతమీద పద్యం చదివేవారికి ఈ రెండింటికీ పొత్తు కుదరదని తోచదు. పంచాంగమే మరొకచోట నిజం ఒప్పుకుంటున్నది. వసంతపంచమి వచ్చేది మాఘమాసంలో, అంటే దాని లెక్క ప్రకారమే శిశిరంలో.

కాబట్టి తెలుగునేలమీద తొలివసంతం మాఘ ఫాల్గుణాలలో ఉన్నది. ఆకు రాలేదీ అప్పుడే, చిగురు తొడిగేదీ అప్పుడే. ఇది కేవలం తిథుల తగాదా కాదు. పుస్తకంలో చదివి ఋతువును గుర్తించేవాడికి చైత్రం వసంతం. చెట్టుకింద ఊడ్చి ఋతువును గుర్తించేవాళ్ళకు మాఘం వసంతం. మన కావ్యపరంపర మొదటివాడి మాటే నమ్మింది.

2

మాది ఖమ్మం జిల్లాలో ఒక మెట్ట ఊరు. అక్కడి పెరట్లో తొలివసంతం గుర్తులు ఏ క్రమంలో వస్తాయో చెబుతాను. మీ ఊళ్ళో క్రమం కొంచెం మారవచ్చు, స్వభావం మారదు.

సంక్రాంతి వెళ్ళీవెళ్ళకముందే మామిడి పూతకు వస్తుంది. దాని వాసన ఎంత గొప్పదో కవులు చెప్పారు, నేను కాదనను. కాని ఇంట్లోవాళ్ళు ఆ పూతవైపు చూసే చూపు వేరు. పొద్దున మంచు ఎక్కువ పట్టిందా, ఆకులమీద తేనెమంచు జిగట కనిపిస్తున్నదా, పూగుత్తులకు బూడిద తెగులు పట్టిందా అని చూస్తారు. ఒక్కొక్క గుత్తిలో వందలు, ఒక్కొక్కప్పుడు వేలు పూలుంటాయి. అందులో నూటికొకటి కూడా పండుదాకా నిలవదు. తోటలున్నచోట పూతమీదనే బేరం జరుగుతుంది. వ్యాపారి పూతను చూసి కాయకు ధర కడతాడు. కనుక పూతను అందరూ చూస్తారు. ఎవరు దేనికోసం చూస్తారన్నదే తేడా.

తరువాత మునగ. నూతిగట్టు పక్కన ఉండే ఆ చెట్టు ఆకంతా రాల్చి తెల్లగా పూస్తుంది. పూత చూసి ఇంటావిడ నెల తరువాతి కూరను లెక్క వేసుకుంటుంది. కూరగాయలు కొనడానికి చేతిలో పైసలు ఆడని ఇంట్లో ఇది చిన్న లెక్క కాదు.

ఆపైన వేప, రావి, కానుగ ఆకు రాలుస్తాయి. శిశిరంలో ఆకు రాలడాన్ని కవులు విషాదానికి వాడుకున్నారు. పెరట్లో అది రోజుకు మూడుసార్లు చీపురు పట్టవలసిన కాలం. ఊడ్చిన ఆకు ఎరువుదిబ్బకు పోతుంది. కొన్నాళ్ళకు చేలోకి పోతుంది. రాలిన ఆకుకు మళ్ళీ చేలో పని ఉన్నదని ఊడ్చేమనిషికి తెలుసు. ఊడ్వని మనిషికే అది విషాదం.

అప్పుడే కంది కొట్టడం పూర్తయి కందికట్టె పెరట్లోకి వస్తుంది. పత్తి తీయడం ముగిసిన చేలనుంచి పత్తికట్టె వస్తుంది. మోపులు మోసి గోడవార పేర్చేది ఆడవాళ్ళే. వానలు పడేలోపల ఏడాది పొయ్యికి సరిపడా పేర్చుకోవాలి. గ్యాసుబండ వచ్చిన ఇళ్ళలో కూడా నీళ్ళు కాచే పొయ్యి ఇంకా ఆ కట్టెమీదనే ఆధారపడి ఉన్నది.

చింతకాయ పండుతుంది. రాల్చి, పెంకు కొట్టి, ఈనె లాగి, గింజ తీసి, ఉప్పు వేసి కుండకెత్తాలి. వేలిమీద చిన్న గీత ఉన్నా పులుపు తగిలి మండుతుంది. ఈలోగా మిరపకోతకు పిలుపు వస్తుంది. మిరప కోసివచ్చిన చేతులతో చంటిబిడ్డను ఎత్తుకోవడానికి జంకే తల్లులను నేను చూశాను. కళ్ళంలో ఆరబోసిన మిరప దూరంనుంచి ఎర్రటి తివాచీలా కనిపిస్తుంది. దగ్గరికి పోతే దగ్గు వస్తుంది. వసంతవర్ణన ఎంత దూరంనుంచి జరుగుతున్నదో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి కొలబద్ద నాకు తోచదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. చలి పోగానే మంచాలు ఆరుబయటికి వస్తాయి. బావిలో నీరు ఒక ఒర కిందికి దిగుతుంది. చేదబావులున్న రోజుల్లో తాడుకు మూర ముడివేసేవారు. ఇప్పుడు బోరు మధ్యమధ్య గాలి కక్కుతుంది. పూత అందం, నీళ్ళ భయం ఒకే నెలలో ఒకే పెరట్లో కలిసి వస్తాయి.

ఇంకొక గుర్తు చెప్పకపోతే ఈ జాబితా అబద్ధమవుతుంది. ఇంటి గుమ్మానికి వేపకొమ్మ. ఆటలమ్మ, తట్టు పిల్లలకు సోకే కాలం ఇదే. ఒకప్పుడు ఇదే కాలంలో మశూచికం ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టేది. బెంగాలీలో ఆ రోగానికి వసంతమన్నదే పేరు. కవులు ఉల్లాసానికి పెట్టిన పేరును ప్రజలు మృత్యువుకు పెట్టారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదయింది. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ రోగం భూమిమీద లేదని ప్రకటించింది. వసంతంలోని ఆ భయాన్ని తుడిచివేసింది టీకా. దాన్ని గడపగడపకూ మోసిన ఆరోగ్యకార్యకర్తలు. ఋతువు అర్థం కూడా చరిత్రలో మారుతుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

3

ఇప్పుడు కావ్యాల సంగతి. మహాకావ్యానికి అష్టాదశ వర్ణనలు ఉండాలన్నారు ఆలంకారికులు. అందులో ఋతువర్ణన ఉన్నది, ఉద్యానవిహారం ఉన్నది, జలకేళి ఉన్నది. తరగతిలో ఈ పద్దెనిమిదీ ఏటేటా నేనే చెబుతాను, విద్యార్థులు వరసగా అప్పజెబుతారు. ఈ జాబితాలో ఉద్యానమే కాని పెరడు లేదన్న సంగతి గమనించండి. ఉద్యానం విహరించే చోటు. పెరడు పనిచేసే చోటు. ఉద్యానానికి నీళ్ళు పోసినవాడెవడో కావ్యం చెప్పదు.

ఈ లోపం అందంగా బయటపడేది దోహదక్రియల దగ్గర. సుందరి కాలితో తన్నితే అశోకం పూస్తుందని, మద్యం పుక్కిలించి ఉమిస్తే పొగడ పూస్తుందని కవిసమయం. స్త్రీ స్పర్శకూ చెట్టు పూతకూ సంబంధమున్నదని ఈ కవులకు ఎక్కడో తోచింది. ఆ తోచినది నిజమే. మన పెరట్లో అరటి, కరివేప, మునగ ఎక్కడుంటాయి? అంట్లు తోమిన నీళ్ళు పారేచోట. ఇంటావిడ రోజూ వంగి తోమి పారబోసిన నీళ్ళతో ఆ చెట్టు పెరిగి పూస్తున్నది. స్త్రీ వల్లనే చెట్టు పూస్తున్నది, సందేహం లేదు. కాని కవి ఆమె చేతిలోని బొచ్చెను తీసివేసి, కాలికి అందెను తొడిగాడు. శ్రమను లీలగా మార్చాడు. భూస్వామ్య సంస్కృతి సౌందర్యదృష్టి అంతా ఈ ఒక్క మార్పులో ఉన్నది.

కోకిల సంగతీ ఇంతే. పాడేది మగకోకిల అని కాళిదాసుకు తెలుసు. ఎవరో ఒకరు చెట్టుకింద నిలబడి చూసినందువల్లనే అది తెలిసింది. కాని మావిచిగురు తిని దానికి గొంతు పెగులుతుందన్న మాట కవినుంచి కవికి చేతులు మారుతూ వచ్చింది. ఎదిగిన కోకిల ప్రధానంగా పండ్లు తినే పక్షి. పెరట్లో రావిపండ్లకోసం వాలిన కోకిలను చూసిన పిల్లవాడికి తెలిసిన సంగతి ఇది. ఒకప్పటి పరిశీలన తరువాతివారికి పాఠమయింది, పాఠం అలంకారమయింది. చూడవలసిన అవసరం పోయింది.

వసంతవర్ణనకు పేరుపడిన వసుచరిత్ర దగ్గర ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది. రామరాజభూషణుడి పద్యానికి ఉన్న నాదశక్తిని కాదనడం చెవిలేని పని. అయితే అక్కడ చెట్టుకంటె శబ్దం ముందు పూస్తుంది. ఏ చెట్టు, ఏ నేల, ఏ నెల అని అడిగితే ఆ వర్ణన జవాబు చెప్పదు.

అయితే ప్రబంధమంతా ఇంతేనా? కాదు. ఆముక్తమాల్యదలో వర్షఋతువు చూడండి. ముసురు పట్టినప్పుడు నిప్పుకోసం ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్ళు, తడికట్టె రాజక పొగతో సతమతమయ్యే వంటిల్లు అక్కడ కనిపిస్తాయి. రాసినవాడు చక్రవర్తి. వంటింట్లోకి తొంగిచూసిన చక్రవర్తి అందులో తడికట్టెను చూడగలిగాడు. అదే చూపు వసంతంమీద ప్రసరించివుంటే మనకు కందికట్టె మోపు కావ్యంలో దొరికేది. కవి పుట్టిన వర్గాన్నిబట్టి కవిత్వాన్ని తూచి పక్కన పెట్టే తేలికపని మనం మానుకోవాలి. రాజు చూసినదాన్ని రాజులమీది కోపంతో మనం చూడకపోతే నష్టం మనకే.

ఇంతకంటె పాత దారి కూడా ఒకటున్నది. శాతవాహన హాలుడి పేర వెలసిన గాథాసప్తశతి ప్రాకృతంలోనిది. ఇందులో సేద్యగాళ్ళున్నారు, వారి భార్యలున్నారు, వంటమసి అంటిన గృహిణి ముఖం ఉన్నది, ఫాల్గుణంలో ఊరి పండుగ ఉన్నది. శ్రీనాథుడు తన తొలియౌవనంలో దీన్ని తెలుగు చేశానని చెప్పుకున్నాడు. ఆ తెలుగు మనకు దక్కలేదు. నైషధం దక్కింది, సప్తశతి పోయింది. సాహిత్యచరిత్రలో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అనేది ఎప్పుడూ యాదృచ్ఛికమేనా అని నాకు అనుమానం.

4

భావకవి రాజును ఉద్యానంనుంచి పంపించివేశాడు. అది చిన్న పని కాదు. కృష్ణశాస్త్రి ఆకులో పువ్వులో తన స్వేచ్ఛను వెతుక్కున్నప్పుడు, పాత కట్టుబాట్లమీద ఒక తిరుగుబాటు జరిగింది. కాని రాజును పంపినవాడు తోటమాలిని పిలవలేదు. ఒంటరిగా తానే కూర్చున్నాడు. నండూరి సుబ్బారావు ఎంకిని పల్లెనుంచే తెచ్చాడు. ఆ పాటల్లో జీవమున్నది. అయినా ఎంకికి ప్రేమించే తీరిక ఎక్కువ, పనివేళ తక్కువ.

వీరికంటె ముందే గురజాడ ఒక దారి చూపాడు. పూర్ణమ్మ ఋతువుకు తగిన పూలూ పండ్లూ కోసుకువచ్చి దుర్గను కొలుస్తుంది. కథ అక్కడ ఆగితే అది మరొక పూదోట వర్ణన. గురజాడ ఆపలేదు. డబ్బుకోసం తండ్రి ఆ పిల్లను ముసలివాడికి అంటగట్టాడు. చెట్టు పూతకు ఋతువు ఉన్నది, పిల్ల యౌవనానికి ధర ఉన్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి గురజాడ తక్కినది పాఠకుడికి వదిలేశాడు. పువ్వును తీసివేస్తే ఆ గేయంలో బాధ సగం పోతుంది. ప్రకృతివర్ణన సామాజిక విమర్శకు అడ్డు కాదనడానికి పూర్ణమ్మే సాక్ష్యం.

శ్రీశ్రీ 'ఋక్కులు'లో అతిసామాన్య వస్తువులకు కవిత్వంలో చోటు ఇచ్చాడు. ఆ హక్కుపత్రం చేతిలో ఉన్నా మనవారు పెరట్లోకి రాలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిననాటినుంచి చేను, గని, మిల్లు, వీధి మన కవిత్వంలోకి వచ్చాయి. తరువాత 1967లో నక్సల్బరీని చైనా పత్రిక వసంత మేఘగర్జన అన్నది. అప్పటినుంచి వసంతం రాజకీయ పదమయింది. మోదుగుపూవు తెలంగాణ పోరాటానికి గుర్తయింది. దాశరథి రంగాచార్య నవలకు పేరయింది. ఆ గుర్తు వెనక నెత్తురున్నది, దానికి నమస్కరించవలసిందే. కాని పోను పోను ఏం జరిగింది? ఎర్రగా ఉన్నందుకు మాత్రమే మోదుగ కావలసివచ్చింది. మోదుగాకులతో విస్తళ్ళు కుట్టి అమ్ముకునే ఆడమనిషి, ఆ పూలను ఉడికించి కామునిపున్నమికి రంగు కాచుకునే పిల్లలు ఆ గుర్తులోంచి జారిపోయారు. అశోకం సుందరి కాలికోసం పూచినట్టే, మోదుగ మన నినాదంకోసం పూయసాగింది. ఇదీ ఒక కవిసమయమే. కొత్తది కనుక మనకు కనబడదు.

ఇదే పున్నమికి తెలంగాణ పల్లెల్లో పిల్లలు కోలలు పట్టుకుని జాజిరి పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. గింజలో డబ్బులో అడుగుతారు. వసంతం ఎవరి గాదె నింపింది, ఎవరి గాదె నింపలేదు అనే వివరం వాకిటివాకిటికీ తెలిసిపోతుంది. బిరుదురాజు రామరాజు జానపద గేయసాహిత్యంమీద చేసిన పరిశోధన 1958లోనే పుస్తకంగా వచ్చింది. అంటే వెతికేవారికి దారి ఉన్నది. మనం దాన్ని జానపదమని ఒక అరలో పెట్టి, వసంతవర్ణన పాఠానికి మాత్రం వసుచరిత్రే తెరుస్తున్నాం.

5

ఇక మిత్రులతో నా పేచీ. పూలగురించి రాసేకాలం కాదిది, శ్రమగురించి రాయాలి అంటారు. శ్రమంటే ఏమిటని నా ప్రశ్న. చేలో చేసేది శ్రమ, మిల్లులో చేసేది శ్రమ. కంది కళ్ళం దాటి గింజయి ఇంటికి వచ్చినతరువాత దాన్ని విసిరి, చెరిగి, వండి, ఆ అంట్లనీళ్ళతో మునగను పెంచడం ఏమిటి? ఇంటిపని ఒకనాడు సమాజానికి చెందిన పనిగా ఉండి, తరువాత ఇంటిగోడల మధ్య సొంత చాకిరీగా మారిందని ఎంగెల్స్ 1884లోనే వివరించాడు. ఆయన గ్రంథాన్ని గౌరవించే మనం పెరటి గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయాం. పెరడును పలాయనస్థలమనేవారు అక్కడ ఎప్పుడూ పనిచేసి ఉండరు.

పెరటి లెక్కలోకి రాని మరొక మనిషి ఉన్నాడు: జీతగాడు. సర్కారులో పాలేరన్నారు. చాలాచోట్ల అతని ఏడాది ఉగాదికి ముగిసి ఉగాదికే మొదలయ్యేది. అంటే ఫాల్గుణం అతనికి లెక్క తేలే నెల. తీసుకున్న గింజలు, పండుగకు వాడుకున్న డబ్బు, జబ్బుచేసి రాని రోజులు అన్నీ పద్దుకెక్కి, బాకీ మిగిలి, అదే పెరట్లో మరో ఏడు మొదలయ్యేది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. చట్టం రావడం, ఆచారం పోవడం ఒకేరోజు జరగలేదు. మావిపూత వాసన ఆ మనిషికి కూడా తగిలింది. ఆ వాసనతోపాటు లెక్క దగ్గరపడుతున్నదన్న దిగులూ తగిలింది. పూతను వదిలి దిగులును మాత్రమే రాస్తే అతని అనుభవంలో సగం దొంగిలించినట్టే. వాసనను ఆస్వాదించే హక్కు కూడా శ్రమజీవికి లేదని చెప్పే అభ్యుదయం నాకు అక్కరలేదు.

కాబట్టి నా వాదం ఇది. వసంతాన్ని ప్రబంధానికి వదిలేయకూడదు, నినాదానికీ వదిలేయకూడదు. వర్ణనలో చేయి ఉన్నదా లేదా అని అడగాలి. ఆకును ఊడ్చిన చేయి, నీళ్ళు పోసిన చేయి, మిరప కోసి మండిన చేయి. ఆ చేయి ఉన్నచోట పువ్వు ఎంత అందంగా ఉన్నా అభ్యంతరం లేదు. చేయి లేనిచోట పువ్వు ఎర్రగా ఉన్నంతమాత్రాన అది మనది కాదు.

అధ్యాపకమిత్రులకు ఒక సూచన. అష్టాదశ వర్ణనలు చెప్పండి, తప్పదు. అది చెప్పిన వారమే విద్యార్థులను మాఘమాసంలో తమ ఇంటి పెరట్లో పదిరోజులు చూసింది రాసుకురమ్మనండి. ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాల్చింది, ఎవరు ఊడ్చారు, బావిలోనో బోరులోనో నీళ్ళు ఎంత దిగాయి, పూతకు ఏ తెగులు వచ్చింది, దానికి అమ్మ ఏ మాట వాడింది. పెరళ్ళు సిమెంటు గచ్చులవుతున్నాయి. చదువుకున్నవాళ్ళం పట్నాలు చేరాం. తేనెమంచు, ఒర, ఈనె వంటి మాటలు వాటిని పనిలో వాడేవారితోనే మిగిలాయి. నిఘంటువులో మాట ఉన్నా, ఏ నెలలో ఏ చేయి దాన్ని పలికించిందో నిఘంటువు చెప్పదు. పూత ముందువెనుకలవుతున్న ఈ రోజుల్లో ఆ పరిశీలన సాహిత్యానికే కాదు, సేద్యానికీ పనికివస్తుంది.

విద్యార్థులు తెచ్చే ఆ కాగితాలలో కవిత్వం ఉంటుందా అని అడగవచ్చు. అన్నిటిలో ఉండదు. కాని వాటిని చదివినవాడు మళ్ళీ వసుచరిత్ర తెరిచినప్పుడు, ఆ ఉద్యానానికి నీళ్ళు ఎవరు పోశారని తప్పక అడుగుతాడు. మన విమర్శ చేయవలసిన పని విద్యార్థిచేత ఆ ప్రశ్న అడిగించడమే.